కాగితం లేని కాఫీయే స్వచ్ఛమట!

ఫ్రెంచ్ ప్రెస్‌ను మెచ్చుకొనేవారి నోట ఒక మాట తరచుగా వినవస్తున్నది: కాగితపు వడపోత లేదు గనుక గింజలోని సహజమైన నూనెలన్నీ కప్పులోకి దిగుతాయి, కాబట్టి ఆరోగ్యానికి మేలు. మొదటి సగం అక్షరాలా నిజం. చిక్కంతా అందులోనే ఉన్నది.

ముతకగా ఆడించిన పొడి వేడినీటిలో నాలుగు నిమిషాలు నానిన పిదప, లోహపు జల్లెడ దానిని అడుగుకు నొక్కుతుంది. ఆ జల్లెడ పిప్పిని ఆపగలదు గాని నూనెను ఆపలేదు. ఆ నూనెలోని కెఫెస్టాల్ రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాఫీకీ కొలెస్ట్రాల్‌కూ గల సంబంధాన్ని నార్వేలోని ట్రోమ్సో పరిశోధకులు 1983లోనే ప్రకటించారు. పొడిని నీళ్లలో మరిగించి తాగడం అప్పట్లో అక్కడి అలవాటు. 1996లో వెలువడిన డచ్చి పరిశోధనలో, 24 వారాలు రోజుకు ఐదారు కప్పుల ప్రెస్ కాఫీ తాగినవారికి చెడు కొలెస్ట్రాల్ 9 నుండి 14 శాతం పెరిగింది. కాగితంతో వడకట్టిన కాఫీలో కెఫెస్టాల్ దాదాపు ఉండదు.

నెయ్యి తగ్గించండి, పచ్చసొన మానండి అని బోధించే మన వైద్యులు, కాఫీ ఎలా కాచుకుంటున్నారని రోగిని అడగరు. (నేనూ చాలాకాలం అడగలేదు.)

రోజుకొక కప్పు తాగే ఆరోగ్యవంతుణ్ణి బెదిరించడం నా ఉద్దేశం కాదు. కొలెస్ట్రాల్‌కు మాత్రలు మింగుతూ, పూటకు రెండుసార్లు ప్రెస్ నొక్కుతూ, అదే ఆరోగ్యమని వాదించేవారితోనే నా తగవు. ప్రెస్ వదలలేకపోతే, అందులోని డికాక్షన్‌ను కాగితపు వడపోతలో మరొకసారి పోయండి. నూనెలో అధికభాగం కాగితం మీదనే నిలిచిపోతుంది.