తరిగొండలో పుస్తకమేది?

గుర్రంకొండ యనగానే మనవారికి కొండమీది కోటయు, దిగువనున్న రంగినీ మహలును స్ఫురించును. ఆ కోట కనతిదూరముననే, నేటి గుర్రంకొండ మండలములోని తరిగొండ గ్రామమున 1730వ సంవత్సరమున వెంగమాంబ జన్మించినది. బాల్యముననే వితంతువై, కేశఖండనమునకు సమ్మతింపక, లోకుల నిందలనెల్ల సహించి, వేంకటాచల మాహాత్మ్యమును, ద్విపద భాగవతమును, రాజయోగసారమును, పెక్కు యక్షగానములను రచించి, 1817లో తిరుమలయందు దేహము చాలించినది. ఈ సీమకు స్వంత గ్రంథకర్త యనదగినవారిలో ఈమెకంటె ముందు చెప్పదగినవారెవరు?

తిరుమలలో ఏకాంతసేవాసమయమున తాళ్ళపాకవారి లాలితోపాటు ఈమె పేర ముత్యాల హారతి నేటికిని జరుగుచున్నది. ఈమె పేరనే వెలసిన అన్నప్రసాద భవనమున ప్రతిదినమును వేలకొలది యాత్రికులు తృప్తిగా భుజించుచున్నారు. సంతోషమే. కాని ఆ పంక్తిలో కూర్చున్నవారిని, ఈ తల్లి రచించిన గ్రంథమొక్కదాని పేరు చెప్పుడని యడిగినచో ఎందరు చెప్పగలరు? అన్నము వడ్డించుటకు మనము నేర్చితిమి. ఆమె అక్షరమును వడ్డించుటకు నేర్వలేదు.

ఇది ప్రాచీనులకు మాత్రమే పట్టిన దురవస్థ కాదు. మదనపల్లె బీసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో ఆంగ్లోపాధ్యాయులై యుండి తెలుగు విమర్శకు వన్నె తెచ్చిన వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి 'కథాశిల్పము'నకు 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. దామలచెరువు కథకులు మధురాంతకం రాజారాంగారికి అదే గౌరవము 1993లో దక్కినది. బడిపంతుళ్ళు, కాపులు, బస్తీ గుమాస్తాలు వీరి కథలలోనివారే. ఆ కథలలోని మనుష్యులు నివసించు పల్లెలకు ఆ పుస్తకములు చేరినవా?

మన పుస్తకావిష్కరణ సభల తీరు చూడుడు. గ్రంథకర్త స్వంత సొమ్మో, అప్పో వెచ్చించి ఐదువందల ప్రతులు వేయించును. సభ తిరుపతిలోనో హైదరాబాదులోనో జరుగవలెను. ఊరిలో జరిగిన పరువు తక్కువ! అధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథులు, శాలువలు, ఛాయాచిత్రములు. పుస్తకమును చదువకయే పొగడు వక్తలకు కొదువ లేదు. వచ్చినవారందరు తలకొక ప్రతి ఉచితముగా గైకొని పోవుదురు. మిగిలినవి రచయిత యింటి అటకమీద చెదలకు ఆహారమగును. వెలయిచ్చి కొను అలవాటు లేని చోట అంగడివానిని నిందించి ఫలమేమి? పలకలు, నోటుపుస్తకములు, పరీక్షల గైడ్లు అమ్ముకొననిదే వానికి పూట గడవదు.

మదనపల్లె టమోటాకు మార్కెట్టు యార్డున్నది, మండీ వ్యాపారియున్నాడు, దూరదేశములకు మోసికొనిపోవు లారీలున్నవి. నాలుగు దినములలో కుళ్ళిపోవు కాయకు ఇంత యేర్పాటుండగా, తరతరములు నిలువవలసిన పుస్తకమునకు ఒక్క దారియును లేకపోవుట మన కెట్లు సిగ్గు గలిగింపకున్నది? చేతిలో ఫోనుండగా పుస్తకమెందుకని కొందరందురు. ఆ ఫోనులో వారు వెంగమాంబను వెదకినారా యని మాత్రము మేమడుగుదుము.

దారి బొత్తిగా లేకపోలేదు. 1960 నాటి పౌర గ్రంథాలయ చట్టము ననుసరించి మనము చెల్లించు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను చేరియున్నది. 1914లో బెజవాడయందు గ్రంథాలయ సంఘమును స్థాపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు చందాలెత్తి, పడవలమీద సయితము పుస్తకములను పంపి యుద్యమమును నడపిరి. మనకు పన్నే యున్నది. వసూలైన యా పన్నును పంచాయతీలు, పురపాలక సంఘములు జాప్యము లేక జిల్లా గ్రంథాలయ సంస్థకు జమకట్టవలెను. ఆ సొమ్ములో కొంతభాగమును ఈ సీమ రచయితల గ్రంథములను కొనుటకై సంస్థవారు ప్రత్యేకింపవలెను. గుర్రంకొండ, వాల్మీకిపురము, పుంగనూరు, కుప్పము పఠనమందిరములలో వానికొక బీరువా వేరుగ నుండవలెను. కుప్పమున 1997లో నెలకొనిన ద్రావిడ విశ్వవిద్యాలయమువారు ఆ పట్టికను సిద్ధపరుపగలరు.

వైశాఖమాసమున నృసింహజయంతినాడే వెంగమాంబ జయంతియును వచ్చును. ఆనాడు తరిగొండ నరసింహస్వామి గుడిముంగిట ఆమె గ్రంథములతో ఒక అంగడి వేయించుడు. ఈ సీమలో ఆ యేట పుస్తకము వ్రాసినవారెల్లరు తమ యావిష్కరణ సభ నక్కడనే జరుపుకొందురుగాక. శాలువకు వెచ్చించు సొమ్ముతో బడిపిల్లలకు ప్రతులు కొనిపెట్టుడు. అంగడిలో ఉచిత ప్రతి యొక్కటియు నుండరాదు.