కరపత్రమునకు సొమ్మిచ్చిన వారెవరు?

విత్తనపు సంచిని కొనునప్పుడు మన రైతులు మొదట చూచునది దాని మూతికి కుట్టిన చీటీలను. ధ్రువీకృత విత్తనమైనచో నీలిచీటీ యుండును. రకమేది, గడువెప్పటివరకు, ఉత్పత్తి చేసిన వారెవరు అను సంగతులు తెలిసినగాని మనము రూకలు తీయము. ఎన్నికల కాలమున గుమ్మముల యొద్దకు వచ్చు కరపత్రముల విషయమున మాత్రము ఈ జాగ్రత్త మనకు లేదు.

గత ఎన్నికలకు ముందు మేము ఒక గ్రామమునకు పోయియుండగా రచ్చబండమీద కరపత్రముల కట్ట యొకటి కనబడెను. ఫలానా అభ్యర్థి గెలిచినచో కాలువ శివారు భూములకు నీరు రాదని అందు వ్రాసియుండెను. అడుగున “ఇట్లు, రైతు శ్రేయోభిలాషులు” అని తప్ప మరి పేరు లేదు. శివారు రైతులు పెంట తోలుచుండిన ట్రాక్టర్లను నిలిపి దానినే చర్చించుచుండిరి. ఎవరు తెచ్చిరని యడుగగా, ఎవరో కుర్రవాడు మోటారుసైకిలుమీద వచ్చి పడవేసి పోయెననిరి. ఆ మాటయందు నిజమెంతయో మేమెరుగము. చెప్పినవాడెవడో తెలిసియున్నచో, వానికి కాలువతో గల సంబంధమేమో విచారించి, ఆ మాటకు విలువ కట్టుకొనియుందుము.

ఇట్టిదానిని ముద్రించుట నేరమని చాలమంది యెరుగరు. 1951వ సంవత్సరపు ప్రజాప్రాతినిధ్య చట్టమునందలి 127ఎ సెక్షను ప్రకారము ఎన్నికల కరపత్రముపైనను గోడపత్రముపైనను ముద్రాపకుని పేరు, ప్రచురణకర్త పేరు, వారి చిరునామాలు ఉండి తీరవలెను. ప్రచురణకర్త తన్నెరిగిన ఇద్దరి సాక్ష్యముతో వాఙ్మూలమిచ్చినగాని అచ్చువేయరాదు. తప్పినవారికి ఆరు మాసముల వరకు కారాగారము, లేక 2,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. ఒక పత్రిక పూర్తిపుట ప్రకటన వెలతో పోల్చినచో ఈ జరిమానా పరిహాసాస్పదము.

అంతకంటె పెద్దలోపము వేరొకటి కలదు. ఈ సెక్షను అడుగునది ప్రచురించినవాని పేరు. సొమ్మిచ్చినవాని పేరు కాదు. పాలేరు సంతకముచేయగా కామందు చాటుననుండుట మనమెరుగని సంగతియా? టెలివిజను ప్రకటనల విషయమున ఈ ప్రశ్న కొంతవరకు అడుగబడినది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి వెళ్లిన వ్యాజ్యములోనే సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 13వ తేదీన, అట్టి ప్రకటనలను ముందుగా అధికారులకు చూపి, తయారీకిని ప్రసారమునకును అగు వ్యయమును తెలుపవలెననియు, చెల్లింపులు చెక్కు, డ్రాఫ్టుల ద్వారానే జరుగవలెననియు ఉత్తర్వు చేసెను. అభ్యర్థియు పార్టీయు కాని యితరులు ప్రకటన యిచ్చినచో, వారి సొమ్ము ఇందులో లేదని ప్రమాణముచేయవలెను. మేలైన నియమమే. అయితే ఆ కాగితములు కచేరీ దస్త్రములలో నుండును. తెరయెదుట కూర్చున్న రైతుకు కనబడవు.

పేరు వెల్లడియైనచో ప్రతిపక్షమువారు పగసాధింతురని కొందరందురు. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్ల పథకమును సమర్థించుచు ప్రభుత్వమును ఇట్లే వాదించెను. పార్టీల విరాళముల సంగతి తెలిసికొనుట ఓటరుల హక్కని పలికి, సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న ఆ పథకమును కొట్టివేసెను. పల్లెలలో పగ యెట్టిదో మేమెరుగుదుము గనుక ఆ భయమును తేలికగా త్రోసిపుచ్చము. నాలుగెకరముల రైతు ఇచ్చిన ఐదువందల రూపాయలను చాటింపు వేయుమనము. పార్టీలు సయితము 20,000 రూపాయలకు మించిన విరాళములనే పేరుపేరున తెలుపవలెనని చట్టము. లక్షలు వెచ్చించి మన మనస్సును త్రిప్పజూచువాడు మాత్రము తన పేరును ఆ ప్రకటన అడుగుననే, కంటికానునంత అక్షరములతో వేయవలెనని మా అభిప్రాయము. చేతిఫోనులలో వచ్చు బొమ్మలకును ఇదే వర్తింపవలెను.

మన సంఘపు పాలకవర్గ ఎన్నికలలోనైనను దీనిని మొదలిడవచ్చును. ప్రతి కరపత్రముపైనను ముద్రాపకుని పేరు, ప్రతుల సంఖ్య, ఖర్చు భరించినవాని పేరు ఉండవలెనని రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానము ప్రతిపాదింప సభ్యులను కోరుచున్నాము. బలపరచువారు కార్యదర్శికి ముందుగా వ్రాతమూలమున తెలుపుదురుగాక.