టెండరు పెట్టె తాళంచెవి

మా కల్లూరును ఒకప్పుడు కర్నూలుకు పొరుగూరు అనేవారు. ఇప్పుడు రెంటికీ పొలిమేర ఎక్కడో కనిపెట్టడం కష్టం. ఇక్కడ గుడ్డసంచులు కుట్టించే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. పేరెందుకు లెండి. పార్సెళ్ళు మోసే పెద్ద సంస్థలకు సంచులు సరఫరా చేయడం ఆయన వృత్తి. సంక్రాంతి ముందు మా అరుగుమీద కూర్చుని నిట్టూర్చాడు.

“సామీ, పాతకాలంలో టెండరు వేసేదానికి పోతే కచేరీ గేటుకాడ నలుగురు నిలబడుకోని ఉండేవాళ్ళు. ‘పెద్దాయనా, ఎండ జాస్తిగా ఉంది, ఇంటికి పో’ అనేవాళ్ళు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. వచ్చేసేవాణ్ణి.”

ఆ రోజులు నాకూ జ్ఞాపకమే. ఫారం ఎవరు కొన్నారో సాయంత్రానికల్లా బయటికి పొక్కేది. కొన్నవాళ్ళంతా కూడబలుక్కుని ఒకరి రేటే నిలబెట్టేవారు. నష్టపోయేది ఖజానా, అంటే మనమే.

2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టెండర్లను కంప్యూటరు కెక్కించింది. ఆర్టీసీ వంటి పెద్ద రవాణా సంస్థ కూడా ఆ బాట పట్టింది. 2016లో కేంద్రం ‘జెమ్’ అనే కంప్యూటరు అంగడి తెరిచింది. తపాలాశాఖ సైతం తన సరుకులు కొనేది అక్కడే. ఇంట్లో కూర్చునే రేటు వేయవచ్చు. గడువు ముగిసి తెరిచే వేళ వచ్చేదాకా ఆ రేటు కొనేవారికి కూడా కనబడదు. సంతకం కలంతో కాదు, బొటనవేలంత ‘డిజిటల్ కీ’తో. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం దానికి చేవ్రాలుతో సమానమైన విలువ ఇచ్చింది.

గేటుకాడి మనిషి మాయమయ్యాడు గదా, మరి ఈ నిట్టూర్పు దేనికి?

ఆ కీని ఆయన బజారులో ఇంటర్నెట్ దుకాణం కుర్రవాడికి అప్పగించాడట, రహస్య సంఖ్యతో సహా! కుర్రవాడు ఒక కాగితం జతచేయడం మరిచాడు. టెండరు రేటు చూసేదాకా పోకుండానే తిరస్కరించారు. 6 కుట్టుమిషన్లు, వాటిమీద బతికే ఆరుగురు ఆడవాళ్ళు, నాలుగు నెలలు ఖాళీ.

నాకు కోపం వచ్చింది. “ఇనప్పెట్టె తాళంచెవి దారినపోయేవాడి చేతికిస్తావా?”

“నాకు ఇంగ్లీషు రాదు గదా సామీ!”

“నీ కోడలు బి.కాం. చదివిందన్నావే?”

పెద్దాయన తల గోక్కున్నాడు. ఇన్నాళ్ళూ ఆ సంగతి తట్టనేలేదు కాబోలు.

పోయిన వారం మళ్ళీ వచ్చాడు. ఈసారి టెండరు కోడలే వేసిందట. వచ్చిందా అని అడిగాను.

“రాలేదు సామీ. సంచికి రెండు రూపాయలు ఎక్కువ వేసినాము. ఎవరికి వచ్చిందో, ఎంతకు వచ్చిందో అంతా మా కోడలు కంప్యూటర్లో చూపించింది.” ఆయన మొహంలో విచారం లేదు. “రేటుకు ఓడిపోయినా సామీ, మనిషికి కాదు. మళ్ళా వేస్తాము.”

యంత్రం దానంతటది న్యాయం చేస్తుందని నేననను. దాని ముందు కూర్చునేది మనవాళ్ళు కాకపోతే, కచేరీ గేటు దగ్గరి అడ్డు బజారు దుకాణానికి మారుతుంది, అంతే.

“ఇంతకీ ఆ కీ ఎక్కడుంది?” అన్నాను.

“కోడలి తాళాలగుత్తిలో.”

ఉండవలసిన చోటే ఉంది.