పసుపే కదమ్మా అంటే ఎలా?

మా పక్కింటి పిన్నిగారికి కీమో నడుస్తోంది. పోయిన ఆదివారం చూడ్డానికి వెళ్తే, మందుల డబ్బా పక్కన ఓ సీసా కనబడింది. పసుపు సారం, మిరియాల సారం కలిపిన క్యాప్సూళ్ళు. ఒంట్లో విషాలన్నీ కడిగేస్తుందని పైన అచ్చు వేశారు. అమెరికా నుంచి కొడుకు పంపాడట. డాక్టరుగారికి చెప్పారా అనడిగితే, "పసుపే కదమ్మా, దానికీ డాక్టరెందుకు?" అన్నారు. ఆ మాట వారం రోజులుగా నన్ను వదలడం లేదు.

కూరలో వేసే చిటికెడు పసుపు గురించి నాకే బాధా లేదు. సీసాలోది వేరు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. ఒంటికి అందే కర్క్యుమిన్ 2000 శాతం పెరిగింది. అమ్మేవాళ్ళు ఈ అంకెను పెద్దక్షరాల్లో వేస్తారు. ఎందుకు పెరిగిందో మాత్రం చెప్పరు. కాలేయానికి కర్క్యుమిన్ కూడా బయటి సరుకే. దానికి ఓ ముడి వేసి బయటికి పంపే ఎంజైములు అక్కడున్నాయి. పైపెరిన్ వాటి చేతులు కట్టేస్తుంది. విషం కడిగే పనివాళ్ళను కట్టేసే సరుకును విషం కడిగే మందని అమ్ముతున్నారన్నమాట! పిన్నిగారి ఒంట్లోకి ఎక్కించే మందును చక్కబెట్టాల్సిందీ ఆ కాలేయమే. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న 10 మంది సంగతి 2022లో అమెరికా వైద్యులు ప్రకటించారు. వాళ్ళలో ఒకరు చనిపోయారు.

పైగా ఈ ఎంజైములన్నీ ఒకే జాతి కావు. మొదటి దశవి విషాన్ని విప్పుతాయి, రెండో దశవి కట్టి పంపుతాయి. పొగలోని బెంజోపైరీన్ ఆ మొదటి దశలోనే డీఎన్‌ఏకు అంటుకునే అసలు రాక్షసిగా మారుతుంది. కాబట్టి ఎంజైములకు ఊపు తెస్తుందని ఎవరన్నా అంటే, ఏ దశకి అని అడగండి.

రెండో దశను లేపే పదార్థం ఒకటి బ్రకోలీలో ఉందని 1992లో జాన్స్ హాప్కిన్స్‌లో పాల్ తలాలే బృందం తేల్చింది. పేరు సల్ఫొరాఫేన్. అది మొక్కలో సిద్ధంగా ఉండదు. కోసినప్పుడో నమిలినప్పుడో మైరోసినేజ్ అనే ఎంజైము పుట్టిస్తుంది. బాగా ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. అయితే ఉడికిన బ్రకోలీ మీద ఆవపొడి చల్లితే, ఒంటికి అందే సల్ఫొరాఫేన్ నాలుగు రెట్లు దాటిందని 2018లో ఇంగ్లండులో చూశారు. ఆవల్లో మైరోసినేజ్ బతికే ఉంటుంది మరి. మన పనసపొట్టు కూర గుర్తు రావడం లేదూ? దించాక కదా అందులో ఆవ పెడతాం! పొయ్యి మీదుండగా కలిపితే ఘాటు చచ్చి చేదొస్తుందని మా అమ్మ చేయి పట్టుకుని ఆపేది. క్యాబేజీ, ముల్లంగి, ఆవాలు అన్నీ బ్రకోలీ చుట్టాలే. ఇంత వంట తెలిసిన ఇళ్ళకు సీసాలు దిగుమతి కావడం నాకు మింగుడు పడదు.

కూర తింటే క్యాన్సర్ రాదని నేననను. చైనాలో చిడాంగ్ ప్రాంతంలో 291 మందికి 12 వారాలు బ్రకోలీ మొలకల పానీయం ఇస్తే, ఒంట్లో చేరిన బెంజీన్ 61 శాతం ఎక్కువగా బయటికి పోయింది. తేలింది అంతే. ఇక మాత్రల సంగతంటారా, ఫిన్లండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద ప్రయోగం చేస్తే, బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో బయటపడింది.

మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 1992లో 16 మంది పొగరాయుళ్ళకు రోజూ గ్రామున్నర పసుపు ఇచ్చింది. నెల తిరిగేసరికి వాళ్ళ మూత్రంలో జన్యువుల్ని చెడగొట్టే పదార్థాలు తగ్గాయి. మంచి పనే. కానీ అసలు ఆ పొగ మానిపించే పని ఎవరు చేస్తున్నారు? శ్రీకాకుళం పల్లెల్లో అడ్డపొగ తాగే తల్లులున్నారు, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అంగిలి కాలి తెల్లబారి, పుండై, క్యాన్సరయ్యేదాకా వాళ్ళ నోరు తెరిపించి చూసేవాళ్ళు కరువు. ఏలినవారికి నా విన్నపం ఒక్కటే: ఆ ఊళ్ళలో ప్రతి ఆశా కార్యకర్త చేతికీ ఓ టార్చిలైటు ఇచ్చి, ఇంటింటికీ పంపించండి.