గాలి అణగిన పిమ్మట

2018వ సంవత్సరము మే 2వ తేదీ రాత్రి రాజస్థానమందలి భరతపురము, అల్వారు, ధోల్పూరు ప్రాంతములయందును, ఆగ్రా పరిసరములయందును చెలరేగిన ధూళితుపాను నూరుమందికి పైగా బలిగొన్నది. గోడలు కూలియు, చెట్లు విరిగిపడియు మరణించినవారే పెక్కురు. ఆ లెక్క పత్రికల కెక్కినది. గాలి అణగిన పిమ్మట చాపలమీదను పరుపులమీదను పేరుకొన్న ధూళిని పసిబిడ్డలు ఎన్నిదినములు పీల్చిరో, అట్టి లెక్క పత్రికల కెక్కుట అరుదు.

ఇది ఉత్తరదేశపు వార్త మాత్రమే కాదు. అనంతపురము జిల్లా కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతపు రైతులు వేదవతీనది యిసుక గాలికి లేచి పొలములను కప్పుట యెరుగుదురు. వేసవివానకు ముందు లేచు దుమారము నెరుగని తెలుగు పట్టణము లేదు. తలుపులు మూసి, దుమారము పోయినదని నిట్టూర్చుదుము. అసలు పని అప్పుడే ఆరంభము కావలసియున్నది.

కంటికి గానవచ్చు ఇసుకరేణువు ముక్కులోనో గొంతులోనో నిలిచిపోవును. మీటరులో పదిలక్షవ వంతునకు మైక్రాను అని పేరు. 10 మైక్రాన్లకు లోపలి రేణువులు ఊపిరితిత్తులలోనికి పోవును, 2.5 మైక్రాన్లకు లోపలివి వాని కొసలవరకు చేరును. మన తలవెండ్రుక మందమే సుమారు 50 మొదలు 70 మైక్రాన్లు! బిడ్డలు తమ బరువునుబట్టి చూడ పెద్దలకన్న హెచ్చు గాలి పీల్చుదురు. దోగాడు బిడ్డ ముక్కు నేలకు జానెడెత్తున నుండును. చేతికంటినదెల్ల నోటికి పోవును. పాతయిండ్ల గోడలనుండియు తలుపులనుండియు పెచ్చులూడిన రంగు ఆ ధూళిలో కలిసెనా, సీసముకూడ చేరవచ్చును. ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన మనదేశమున 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. కాని అంతకుపూర్వము పూసిన రంగు ఇంకను గోడలమీదనే యున్నది. సీసము బుద్ధివికాసమును చెరచును. ఇంత మాత్రమైన బిడ్డకు హానిలేదని వైద్యశాస్త్రము చెప్పజాలకున్నది.

వాకిట దుమ్మణచుటకు కళ్లాపి చల్లెడి మనము గదిలోపల మాత్రము పొడిచీపురు పట్టుదుము! కుదురుకొన్న సన్నని ధూళిని మరల గాలిలోనికి లేపుటకు ఇంతకన్న మంచి సాధనము లేదు. తడిగుడ్డతో తుడువవలెను, గుడ్డ జాడించిన నీటిని మాటిమాటికి మార్చవలెను. పంకా రెక్కలు, బీరువాల పైభాగములు, కిటికీ ఊచలు మొదట, నేల చివర. రెక్కలు తుడువకయే పంకా వేయుట అన్నిటికన్న అవివేకము. తుడుచువేళ బిడ్డను వేరొక గదిలో నుంచవలెను. తుడుచువారు మాస్కు ధరింపవలెను. దుప్పట్లు మేడమీద దులుపవలెనే కాని బిడ్డ పరుండు గదిలో కాదు. భోజనమునకు ముందు బిడ్డచేతులు సబ్బుతో కడుగుట మరువరాదు. బెల్లము తినిపించిన లోని దుమ్ము పోవునని కొందరందురు. బెల్లము తీపిదే, తడిగుడ్డ చేయు పని అది చేయజాలదు.

దగ్గు మొదలైన బిడ్డ నెమ్మదిగా నున్నప్పుడు ఊపిరిని గడియారము చూచి లెక్కింపుడు. ఏడాది మొదలు అయిదేండ్లలోపు బిడ్డకు నిమిషమునకు 40, రెండు నెలలు మొదలు ఏడాదిలోపు శిశువునకు 50, అంతకన్న పసివానికి 60 శ్వాసలు లేక అంతకు మించియున్నను, పీల్చునప్పుడు ప్రక్కటెముకల క్రిందిభాగము లోనికి గుంజుకొన్నను, పాలు త్రాగలేకున్నను, తెల్లవారువరకు ఆగక వైద్యుని యొద్దకు గొనిపోవలెను.

ఈ పని యంతయు ఇల్లాలిమీదనో పనిమనిషిమీదనో త్రోసి పఠనమందిరమునకు విచ్చేసిన సోదరులతో మాకొక మాట కలదు. నీళ్లు మోయుటయు, నిచ్చెన యెక్కి పంకా తుడుచుటయు మీ గౌరవమునకు కొరత గావు. గర్భిణులను, ఉబ్బసము గలవారిని ఆ ధూళికి దూరముగ నుంచుట మీ విధియే.

పురపాలక సంఘములతోను మనకు పని కలదు. దుమారము మరునాడు వీధులను నీళ్లు చల్లించి, బడిపిల్లలు నడుచువేళకు ముందే ఊడ్పింపవలెనని అడుగుడు. ఇండ్లు కట్టువారు వీధిలో పోసిన ఇసుకకుప్పలపై పట్టాలు కప్పింపవలెననియు అడుగుడు. ఆ అర్జీ వ్రాయుటకు దుమారము వచ్చువరకు వేచియుండ నక్కరలేదు.