స్థానికులు చేయని పని

మీరు ఈ రెండు మాటలు ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు. మొదటిది: "మావాళ్లకు ఒళ్లు వంచి పని చేయడం ఇష్టం లేదు. అందుకే బయటివాళ్లను పెట్టుకోవలసి వస్తోంది." రెండవది: "బయటివాళ్లు వచ్చి మా పనులన్నీ లాక్కుంటున్నారు." మొదటి మాట ఎక్కువగా యజమానులు అంటారు. రెండవది పని దొరకని స్థానికులు అంటారు. ఒకే మనిషి పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకొకటి అనడం కూడా కద్దు.

ఈ రెండు మాటల్లోనూ ఒక లోపం ఉంది. రెండూ మనుషుల గుణం గురించే మాట్లాడతాయి. ఆ పనికి కూలి ఎంత, ఎన్ని గంటలు చేయాలి, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది అనే సంగతులు వాటిలో లేవు. ఈ వ్యాసంలో వలస వెళ్లిన లారీ డ్రైవర్లను ఉదాహరణగా తీసుకుని ఆ సంగతులు పరిశీలిద్దాం.

కెనడా రోడ్ల మీద

మనం లారీ అనేదాన్ని కెనడాలో, అమెరికాలో ట్రక్కు అంటారు. కెనడాలో బ్రాంప్టన్, సర్రే నగరాలు పంజాబీ కుటుంబాలు ఎక్కువగా ఉండే చోట్లు. అక్కడి ట్రక్కు రవాణాలో చాలామంది పంజాబీలు డ్రైవర్లుగా ఉన్నారు. కొందరు సొంత ట్రక్కులు కొని యజమానులయ్యారు.

వీళ్లు అక్కడికి ఎలా చేరారు? కొందరు స్థిర నివాస అనుమతితో, కొందరు చదువు పేరుతో వెళ్లారు. మరికొందరు పని అనుమతితో వెళ్లారు. ఈ మూడవ దారిలో యజమాని ముందుగా ప్రభుత్వానికి ఒక సంగతి చూపించాలి. తన దగ్గర ఉన్న పనికి దేశంలో తగిన మనిషి దొరకలేదని చూపించాలి. అప్పుడు వచ్చే అనుమతి సాధారణంగా ఆ ఒక్క యజమానికే ముడిపడి ఉంటుంది. ఆ పని మానితే దేశంలో ఉండడమే కష్టమవుతుంది. అలాంటి డ్రైవరు, "కూలి తక్కువ ఇచ్చారేమిటి?" అని గట్టిగా అడగగలడా? మీరే ఆలోచించండి.

ఇక ఆ పని ఎలాంటిదో చూద్దాం. దూర ప్రయాణాల డ్రైవరుకు చాలా చోట్ల నడిపిన మైళ్లను బట్టి డబ్బు ఇస్తారు. గిడ్డంగి ముందు సరుకు ఎక్కించడానికో, దించడానికో గంటల తరబడి వేచి ఉంటే ఆ గంటలకు చాలాసార్లు ఏమీ రాదు. ప్రావిన్సుల మధ్య సరుకు మోసే డ్రైవరుకు వారంలో 60 గంటలు దాటిన తరువాతనే ఓవర్‌టైము లెక్క మొదలవుతుంది. కొన్ని సంస్థలు డ్రైవరు చేతనే అతని పేరు మీద ఒక చిన్న కంపెనీ పెట్టిస్తాయి. అప్పుడు కాగితం మీద అతను ఉద్యోగి కాడు, స్వయం ఉపాధి పొందేవాడు. సెలవు జీతం, ఓవర్‌టైము, ఉద్యోగ బీమా అన్నీ పోతాయి. ఈ పద్ధతిని అరికట్టాలని అక్కడి కార్మిక సంఘాలు, నిబంధనలు పాటించే రవాణా సంస్థలు కూడా కోరుతున్నాయి.

వారాల తరబడి ఇంటికి దూరంగా ఉండి, ఈ షరతుల మీద పని చేయడానికి స్థానిక యువకుడు ముందుకు రాకపోతే అతన్ని బద్ధకస్తుడు అనడం న్యాయమా?

ఒకప్పుడు ఇదే పనికి గిరాకీ

అమెరికా చరిత్ర ఈ ప్రశ్నకు జవాబు చెబుతుంది. 1964లో అక్కడి టీమ్‌స్టర్స్ అనే రవాణా కార్మిక సంఘం దేశమంతటికీ వర్తించే వేతన ఒప్పందం సాధించింది. సుమారు 4 లక్షల మంది డ్రైవర్లు దాని కిందికి వచ్చారు. ఆ కాలంలో ట్రక్కు డ్రైవరు ఇల్లు కట్టుకోగలిగాడు, పిల్లలను చదివించుకోగలిగాడు. పెద్ద చదువు లేని స్థానికులకు అది కోరుకోదగిన ఉద్యోగం.

1980లో ప్రభుత్వం చట్టం చేసి ట్రక్కు రవాణాపై ఉన్న నియంత్రణలను చాలావరకు తొలగించింది. కొత్త సంస్థలు వచ్చాయి. పోటీ పెరిగింది, సరుకు రవాణా చౌక అయింది. పోటీ భారం మాత్రం డ్రైవరు కూలి మీద పడింది. ధరల పెరుగుదలతో పోల్చి చూస్తే వేతనాలు పడిపోయాయి, సంఘం బలం తగ్గింది. స్థానికులు ఒక్కొక్కరే ఆ పని మానుకున్నారు. ఖాళీ అయిన సీట్లలోకి కాలక్రమేణా వలస వచ్చినవారు చేరారు.

ఇక్కడ వరుసను గమనించండి. ముందు కూలి పడిపోయింది. తరువాత స్థానికులు వెళ్లిపోయారు. ఆ తరువాతే బయటివాళ్లు వచ్చారు. పొమ్మనలేక పొగబెట్టినట్టు, పాతవాళ్లను ఎవరూ వెళ్లమనలేదు. ఉండలేని పరిస్థితి మాత్రం కల్పించారు.

2021లో బ్రిటన్‌లో ఇలాంటిదే మరో సంగతి జరిగింది. డ్రైవర్ల కొరతతో పెట్రోలు బంకుల దగ్గర బారులు తీరాయి. ప్రభుత్వం విదేశీ డ్రైవర్ల కోసం 5,000 తాత్కాలిక వీసాలు ప్రకటించింది. కొద్ది నెలల పనికి ఇల్లు వదిలి వచ్చేవారు తక్కువే అయ్యారు. మరోవైపు భారీ వాహనాల లైసెన్సు చేతిలో ఉండి కూడా ఆ పని మానుకున్న స్థానికులు దేశంలో ఎందరో ఉన్నారు. సంస్థలు జీతాలు పెంచాయి. డ్రైవింగు పరీక్షలకు వచ్చేవారు పెరిగారు. కొరత మనుషులకా, మంచి షరతులకా?

ప్రమాదం జరిగితే

స్థానికుల ఫిర్యాదులో నిజం లేదని నేను అనడం లేదు. యజమానికి కట్టుబడి ఉన్న వలస డ్రైవరు తక్కువ కూలికి ఒప్పుకుంటే, పక్కనున్న స్థానిక డ్రైవరు బేరమాడే శక్తి కూడా తగ్గుతుంది. శిక్షణ చాలనివాడు భారీ వాహనం నడిపితే అందరి ప్రాణాలకూ ముప్పే. కాని ఆ శిక్షణ ఇవ్వవలసినది ఎవరు?

2018 ఏప్రిల్ 6న కెనడాలోని సస్కాచెవాన్ ప్రావిన్సులో ఒక ట్రక్కు ఆగవలసిన కూడలి దగ్గర ఆగకుండా వెళ్లింది. హంబోల్ట్ పట్టణానికి చెందిన ఐస్ హాకీ జట్టు ప్రయాణిస్తున్న బస్సు దాన్ని ఢీకొంది. 16 మంది చనిపోయారు, 13 మంది గాయపడ్డారు. డ్రైవరు భారతదేశం నుంచి వెళ్లిన యువకుడు. ఆ పనికి చాలా కొత్తవాడు. అతను నేరం ఒప్పుకున్నాడు. 2019లో 8 సంవత్సరాల జైలు శిక్ష పడింది. భద్రతా నిబంధనలు పాటించనందుకు ట్రక్కు యజమానికి 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ ప్రావిన్సులో కొత్త ట్రక్కు డ్రైవర్లకు కనీసం 121.5 గంటల శిక్షణ తప్పనిసరి చేసింది 2019 మార్చిలో, అంటే ప్రమాదం జరిగిన తరువాత.

డ్రైవరు తప్పు చిన్నది కాదు. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రుల దుఃఖం ముందు ఏ వాదనా నిలవదు. అయినా అనుభవం లేని మనిషిని ఒంటరిగా పంపిన యజమానిని, శిక్షణ నియమం లేకుండా లైసెన్సు ఇచ్చిన వ్యవస్థను వదిలేసి, "వలస వచ్చినవాళ్లంతా ఇంతే" అంటే తదుపరి ప్రమాదం ఆగదు.

మన ఇంటి సంగతి

ఇదంతా ఎక్కడో విదేశాల సంగతి అనుకోకండి. 2020 మే 1న, లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కార్మికులతో మన దేశంలో మొదటి శ్రామిక్ రైలు హైదరాబాదు పక్కనున్న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అదే నెలలో తెలంగాణ రైస్ మిల్లులలో పని చేయడానికి బీహార్ నుంచి హమాలీలతో ఒక రైలు లింగంపల్లికి వచ్చింది. మిల్లులో బస్తాలు మోసేవాళ్లను చూసి, "మన కుర్రాళ్లకు పని చేతకాదు" అని మన పెద్దలూ అంటున్నారు. అదే కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల కుర్రాళ్లు గల్ఫ్ దేశాలకు వెళ్లి ఎర్రటి ఎండలో పని చేస్తున్నారు, భారీ వాహనాలు నడుపుతున్నారు. పని చేతకాకపోతే అక్కడ ఎలా చేస్తున్నారు?

లారీ డ్రైవరంటే మన ఊళ్లలో చులకన. "లారీ నడిపేవాడికి పిల్లనిస్తామా?" అంటారు. అతనే కెనడా వెళ్లి అదే స్టీరింగు పడితే సంబంధం వెతుక్కుంటూ వస్తారు. పని మారలేదు, వచ్చే డబ్బు మారింది. మనం పనికి ఇస్తున్నామనుకునే గౌరవం నిజానికి డబ్బుకు ఇస్తున్నాం.

2024 జనవరి మొదటి రోజుల్లో మన దేశంలో లారీ డ్రైవర్లు పని ఆపారు. ప్రమాదంలో మనిషి చనిపోతే, పోలీసులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు 10 సంవత్సరాల వరకు జైలు విధించే కొత్త నిబంధన మీద వారి నిరసన అది. హైదరాబాదులోనూ బంకుల ముందు బారులు తీరాయి. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఉపనిబంధనను మాత్రం పక్కన పెట్టారు. డ్రైవరు లేకపోతే ఊరికి పాలు, పెట్రోలు రావని ఆ రెండు రోజుల్లో అందరికీ అర్థమైంది. ఆ తరువాత మళ్లీ మరచిపోయాం.

షరతులు మార్చడం అసాధ్యమేమీ కాదు. 2025 నుంచి కొత్తగా తయారయ్యే మధ్యతరహా, భారీ సరుకు వాహనాల డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ ఉండాలని మన ప్రభుత్వం నియమం చేసింది. మే నెల ఎండలో ఇంజను వేడి పక్కన కూర్చున్నవాడికి ఇది విలాసం అనిపించదు.

మీరు చేయగలిగినది

మీలో కొందరు క్లీనరుగా మొదలై డ్రైవరు అయి ఉంటారు. కొందరు గల్ఫ్‌కో, కెనడాకో వెళ్లాలని ఆలోచిస్తూ ఉంటారు. దూరపు కొండలు నునుపు. వెళ్లవద్దని నేను చెప్పను. అడిగి వెళ్లండి. జీతం నెలకా, మైలుకా? ఖాళీగా వేచి ఉన్న గంటలకు డబ్బు ఉందా? అనుమతి ఒక్క యజమానికేనా? అక్కడి లైసెన్సు ఖర్చు ఎవరిది? ఈ జవాబులు కాగితం మీద తీసుకోండి.

పదవ తరగతి పాసు కానివారు గల్ఫ్ దేశాలు సహా కొన్ని దేశాలకు పని మీద వెళ్లాలంటే ప్రభుత్వ వలస అనుమతి పొందాలి. దాన్ని ఆటంకం అనుకోకండి, అది మీ ఒప్పందాన్ని ఒకసారి పరిశీలించే ఏర్పాటు. రిజిస్టరు అయిన ఏజెంటు మీ దగ్గర తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జిఎస్‌టి. అంతకు మించి అడిగితే అనుమానించండి.

మన దేశంలో లారీ లైసెన్సుకు ఉన్న 8వ తరగతి అర్హతను 2019లో తీసేశారు. చదువు లేకపోయినా లైసెన్సు వస్తుంది. కాని ఒప్పందం చదవడానికి, గంటలు లెక్క కట్టడానికి, సంతకం పెట్టే ముందు ఆగడానికి చదువు కావాలి. మీరు ఈ పుస్తకం ముందు కూర్చోవడానికి అదొక మంచి కారణం.

మీ ఊరికి బయటినుంచి పనికి వచ్చిన మనిషి కనిపించినప్పుడు కూడా ఇవే ప్రశ్నలు గుర్తు చేసుకోండి. ఆ కూలికి, ఆ గంటలకు, ఆ షెడ్డులో మీరు ఉంటారా? ఉండనంటే మీరు బద్ధకస్తులు కారు. ఉన్నందుకు అతను దొంగా కాడు. ఇద్దరూ కలిసి అడగవలసినది ఆ కూలి, ఆ గంటలు నిర్ణయించినవారినే.

ఆలోచించి రాయండి

1. అమెరికాలో స్థానికులు ట్రక్కు పని మానుకోవడానికి దారితీసిన పరిణామాలను వరుస క్రమంలో రాయండి.

2. హంబోల్ట్ ప్రమాదంలో డ్రైవరు, యజమాని, ప్రభుత్వం బాధ్యతలు ఏమిటి? మీ అభిప్రాయం ఐదు వాక్యాలలో రాయండి.

3. మీ ప్రాంతంలో బయటివారు ఎక్కువగా చేసే ఒక పనిని ఎంచుకోండి. దాని కూలి, పని గంటలు, వసతి గురించి ఆ పని చేసేవారినే అడిగి తెలుసుకుని ఒక పేజీ రాయండి.