ఊరిబడి యెవరిది?

ధనికుల బిడ్డలు రుసుము గొను మంచి పాఠశాలలలోను, పేదల బిడ్డలు ఉచితమైన నాసి పాఠశాలలలోను చదువుచుండుటవలన వర్గములకు నడుమ అగాధము పెరుగుచున్నదని 1966లో కొఠారీ విద్యాసంఘము హెచ్చరించెను. ఇరుగుపొరుగు బిడ్డలందరును ఒకే బడిలో చదువవలెనని సూచించెను. ఆ సూచన కాగితముపైననే నిలిచిపోయినది.

2009 నాటి విద్యాహక్కు చట్టము, ప్రైవేటు పాఠశాలల మొదటి తరగతిలో కనీసము నాలుగవ వంతు స్థానములను పేద, వెనుకబడిన వర్గముల బిడ్డలకు ఉచితముగా నీయవలెనని విధించెను. ఇది మేలే. కాని స్థానము దొరకినంతనే సమత్వము దొరకునా? ఇంట చదువు చెప్పువారు లేని బిడ్డకు, అదే బల్లపై కూర్చున్నను, అదే విద్య అబ్బుట కష్టము. బడి వసతులకంటె ఇంటి స్థితిగతులును, తోడి విద్యార్థుల స్థితిగతులును బిడ్డ చదువుపై అధిక ప్రభావము చూపునని అమెరికాలో 1966లో వెలువడిన కోల్మన్ నివేదిక తెలిపెను.

కనుక కలిగినవారి బిడ్డలు ఊరిబడిని విడిచినప్పుడు, మిగిలినవారు కోల్పోవునది తోడి విద్యార్థులను మాత్రమే కాదు; గట్టిగా అడుగగల పెద్దలనుగూడ. ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘమున ముప్పాతికమంది తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండవలెనని చట్టమే చెప్పుచున్నది. కాని పంతులు రాకున్నను, కప్పు కారుచున్నను, అధికారిని నిలదీయుటకు కూలిపని మానుకొని పోగలవారెందరు? పోగలవాని బిడ్డ ఆ బడిలో లేడు.

చట్టము స్థానములను పంచగలదు, అక్కరను పంచజాలదు. ఊరి పెద్దలు తమ బిడ్డలను పంపదగినదిగా ఊరిబడిని తీర్చిదిద్దుకొననంతవరకు, సమాన విద్య యనునది ఉపన్యాసములకే పరిమితమగును.